గాజు పలక మీద పులి
(రాజా దీన్ దయాళ్ గారి జీవిత కథ)

జీవిత చరిత్ర అనగానే మనకు రాజులు, నాయకులు, శాస్త్రవేత్తలు గుర్తుకొస్తారు. ఆ రాజులు ఎట్లా ఉండేవాళ్ళు, ఏం కట్టుకునేవాళ్ళు, అడవిలో వేటకి పోయి ఏం చేసేవాళ్ళు అన్నది ఇవాళ మన కంటికి కనబడుతున్నదంటే, ఒకాయన పెద్ద కెమెరా పెట్టె మోయించుకుని వాళ్ళ వెంట తిరగడం వల్లనే. ఆయన పేరు రాజా దీన్ దయాళ్. ఈసారి ఆయన గురించి రాస్తున్నాను. అడవి జంతువుల ఫోటోలు తియ్యాలంటే మిషను తెలిస్తే చాలా, మనసులో ఊహ కూడా ఉండాలా అన్నదానికి ఆయన జీవితంలో మంచి జవాబు ఉంది. కొంచెం పెద్దదైంది, ఓపికగా చదవండి.

పుట్టుక, చదువు

దీన్ దయాళ్ గారు 1844లో ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ దగ్గర సర్ధనా అనే ఊళ్ళో జన్మించారు. వాళ్ళది నగల వ్యాపారం చేసే జైన కుటుంబం. ఆయన మాత్రం రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివారు. 1866లో చదువు పూర్తిచేసి ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగంలో చేరారు. ఆయన పని ఏమిటంటే, కట్టబోయే బిల్డింగులకి ప్లాను గీయడం, ఎంత ఖర్చవుతుందో లెక్క వెయ్యడం. అంటే రోజంతా స్కేలు, పెన్సిలు, కొలతలు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1874 ప్రాంతంలో ఆయన ఫోటోలు తియ్యడం మొదలుపెట్టారు. అప్పటికి ముప్పై ఏళ్ళు. అంటే చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న విద్య కాదు. ఉద్యోగం చేసుకుంటూ ఖాళీ టైములో నేర్చుకున్నారు. ఇండోర్ మహారాజు తుకోజీరావు హోల్కర్, అక్కడి ఇంగ్లీషు అధికారి హెన్రీ డేలీ ఆయన పని చూసి ప్రోత్సహించారు. 1882లో లెపెల్ గ్రిఫిన్ అనే అధికారితో కలిసి బుందేల్‌ఖండ్ అంతా తిరిగి పాత కోటలు, గుళ్ళు ఫోటోలు తీశారు. ఆ ఫోటోలతో 1886లో ఒక పెద్ద పుస్తకం వచ్చింది.

ఆ కాలంలో ఫోటో తియ్యడం అంటే

ఇప్పుడు సెల్‌ఫోన్ మీద వేలు పెడితే ఫోటో వస్తుంది. అప్పుడు అట్లా కాదు. ముందు గాజు పలకని శుభ్రంగా తుడవాలి. దాని మీద కొలోడియన్ అనే బంక లాంటి మందు సమంగా పారేటట్టు పొయ్యాలి. తర్వాత చీకట్లో వెండి కలిసిన మందు నీళ్ళలో ముంచాలి. ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీసి, మళ్ళీ చీకటి గుడారంలోకి పరిగెత్తి కడగాలి. ఇదంతా పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. ఎండాకాలం అయితే ఇంకా తొందర. తడి ఆరిందా, పలక పాడైపోయినట్టే.

1880 నాటికి పొడి పలకలు వచ్చాయి. వాటికి జెలటిన్ అనే జిగురు పూసి ఉంటుంది. దీన్ని జంతువుల ఎముకల నుంచి, తోళ్ళ నుంచి తీస్తారు. ముందే తయారు చేసిన పలకలు కాబట్టి పెట్టెలో పెట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు. వీటితో మంచి ఎండలో సెకనులో కొంత భాగంలోనే ఫోటో వచ్చేది. ఇందులో ఇంకో కష్టం ఉంది. నీళ్ళు వేడెక్కితే ఆ జిగురు పొర మెత్తబడి గాజు నుంచి ఊడొస్తుంది. మన ఎండలు మీకు తెలిసినవే. అడవిలో గుడారం వేసుకుని, చల్లటి నీళ్ళు తెచ్చుకుని పలకలు కడగడం మాటలు కాదు.

ఇంకోటి. అప్పుడు మామూలుగా ఫోటోని పెద్దది చేసేవాళ్ళు కాదు. పలకని కాగితం మీద ఆనించి ఎండలో పెట్టి బొమ్మ దింపేవాళ్ళు. ఆ కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూసి ఉండేది. కాబట్టి ఫోటో ఎంత పెద్దది కావాలంటే గాజు పలక అంత పెద్దది ఉండాలి. పలక పెద్దదైతే కెమెరా పెట్టె కూడా పెద్దదే. దాన్ని మొయ్యడానికి మనుషులు, బండ్లు కావాలి.

కెమెరా వెనక గరుకు గాజు ఉంటుంది. ఫోటో తీసే మనిషి తల మీద నల్ల గుడ్డ కప్పుకుని దాంట్లోకి చూస్తాడు. అందులో అంతా తలకిందులుగా కనపడుతుంది. మనిషి తల కిందికి, కాళ్ళు పైకి! ఆ తలకిందుల బొమ్మలో ఎవరు ఎక్కడ నిలబడితే బాగుంటుందో తేల్చుకోవాలి. మనసులోనే దాన్ని తిప్పి చూసుకోగలిగిన వాడికే ఆ పని వస్తుంది.

కొలత తెలిసిన చెయ్యి

మన మంగళగిరి గాలిగోపురం 11 అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. దాని దగ్గరగా నిలబడి కెమెరా పైకెత్తి ఫోటో తీశారనుకోండి. గోపురం వెనక్కి వాలిపోతున్నట్టు వస్తుంది, పైన మరీ సన్నబడిపోతుంది. నిజంగా గోపురం వాలిపోలేదు. కెమెరా వాలింది. ఆ కాలపు పెద్ద కెమెరాల్లో దీనికి ఉపాయం ఉంది. పెట్టెని నిటారుగానే ఉంచి, ముందున్న లెన్సుని మాత్రం పైకి జరపాలి. అప్పుడు గోపురం నిటారుగా నిలబడుతుంది. దీన్ దయాళ్ గారి ఫోటోల్లో కోటలు, గుళ్ళు, మహళ్ళు నిటారుగా, స్తంభాలు తిన్నగా ఉంటాయి. ప్లాన్లు గీసిన ఇంజనీరు కదా, గీత వంకర పోతే ఆయన కన్ను ఒప్పుకోదు.

అయితే నిటారుగా తీస్తే చాలదు. ఏ పూట తియ్యాలి? మధ్యాహ్నం ఎండ నెత్తిన ఉన్నప్పుడు రాతి చెక్కడాల మీద నీడ పడదు, అంతా చదునుగా కనబడుతుంది. పొద్దున, సాయంత్రం ఎండ పక్క నుంచి పడితే చెక్కిన ప్రతి పువ్వూ లేచి కనబడుతుంది. గోడ పక్కన ఒక మనిషిని నిలబెడితే గోడ ఎంత ఎత్తో తెలుస్తుంది. ఇవి మందు నీళ్ళ పుస్తకంలో ఉండవు. కన్ను చెప్పాలి. దీన్ దయాళ్ గారిలో కొలత తెలిసిన చెయ్యి, బాగు తెలిసిన కన్ను రెండూ ఉన్నాయి. అందుకే ఆయన పేరు నిలిచింది.

హైదరాబాద్ రాక

1880ల మధ్యలో ఆయన హైదరాబాద్ వచ్చారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ని తన ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పెట్టుకున్నాడు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. తర్వాత గవర్నమెంటు ఉద్యోగం పూర్తిగా వదిలేశారు. నెల జీతం వదిలి ఫోటోల మీద బతకడం అంటే అప్పుడు చిన్న ధైర్యం కాదు. నిజాం దర్బారు, ఫలక్‌నుమా ప్యాలెస్, సైన్యం, ఏనుగులు, గుర్రాలు, పెళ్ళిళ్ళు అన్నీ తీశారు. కరువు వచ్చినప్పుడు జరిగిన కరువు పనులు కూడా తీశారు. స్టూడియోలో పలకలకు నెంబర్లు వేసి దాచేవాళ్ళు. ఎప్పుడో తీసిన ఫోటో మళ్ళీ కావాలంటే ఆ నెంబరు చూసి పలక బయటకు తియ్యొచ్చు.

1893లో అమెరికాలోని షికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన ఫోటోలకు బహుమతి వచ్చింది. 1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే బొమ్మలు గీసేవాడు. చూడండి, ఆయన కుంచె పట్టలేదు. అయినా చిత్రకారుడి బిరుదే ఇచ్చారు. మిషనుతో తీసినా అది కళే అని దర్బారు ఒప్పుకున్నట్టు కదా. 1896లో బొంబాయిలో ఇంకో స్టూడియో తెరిచారు. 1897లో విక్టోరియా మహారాణి ఫోటోగ్రాఫర్ అని పేరు పెట్టుకోవడానికి అనుమతి వచ్చింది.

మన హాస్టల్ అమ్మాయిలకు నచ్చే సంగతి ఒకటి చెప్తాను. ఆ రోజుల్లో పరదా పాటించే ఇళ్ళల్లో ఆడవాళ్ళు బయటి మగవాళ్ళ ముందుకి రారు. మరి వాళ్ళకి ఫోటో ఎట్లా? అందుకని 1892లో దీన్ దయాళ్ గారు హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసమే వేరే స్టూడియో పెట్టారు. దాన్ని ఒక ఇంగ్లీషు ఆవిడకి అప్పజెప్పారు. అక్కడ ఫోటో తీసేది ఆడవాళ్ళే, తీయించుకునేది ఆడవాళ్ళే. ఆయన గొప్ప ఫోటోగ్రాఫర్ అయినా, తను వెళ్ళకూడని చోటు ఉందని తెలుసుకుని, అక్కడి కెమెరా వేరే వాళ్ళ చేతికి ఇచ్చారు. ఇది కూడా ఒక తెలివే.

వేట ఫోటోలు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మహబూబ్ అలీ ఖాన్‌కి పులుల వేట అంటే చాలా ఇష్టం. ముప్పై పులులు చంపినవాడు అనే అర్థంతో ఆయన్ని తీస్ మార్ ఖాన్ అని పిలిచేవాళ్ళని చెప్పుకుంటారు. దొరలు వచ్చినా వాళ్ళకి పులి వేట ఏర్పాటు చెయ్యడం దర్బారు మర్యాద. ఆ వేట క్యాంపుల్లో దీన్ దయాళ్ గారి కెమెరా కూడా ఉండేది.

విజయవాడ నుంచి కాజీపేట వెళ్ళే రైలు దారిలో నెక్కొండ అని ఒక స్టేషన్ ఉంది. వరంగల్ జిల్లా. 1902లో వైస్రాయి కర్జన్ ఆ వైపు అడవులకి వేటకి వచ్చాడు. అప్పుడు దీన్ దయాళ్ గారి స్టూడియో తీసిన ఫోటో ఇవాళ్టికీ పుస్తకాల్లో వేస్తుంటారు. కర్జన్, ఆయన భార్య నిలబడి ఉంటారు. వాళ్ళ కాళ్ళ ముందు చచ్చిన పులి. ఫోటో చాలా స్పష్టంగా ఉంటుంది. అది ఎంత బాగుందో చూస్తూనే, అయ్యో పులి అని కూడా అనిపిస్తుంది. రెండూ ఒకేసారి.

బతికున్న పులిని ఎందుకు తియ్యలేదు అని మీకు సందేహం వస్తుంది. కారణాలు నాలుగు చెప్పొచ్చు.

1. వెలుతురు. అడవిలో చెట్ల కింద వెలుతురు తక్కువ. పలక మీద బొమ్మ పడాలంటే ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఈలోగా పులి కదిలితే పొగలాగా వస్తుంది.

2. రంగు. ఆ కాలపు మామూలు పలకలకు నీలం రంగే బాగా తెలిసేది. పసుపు, నారింజ, ఆకుపచ్చ నల్లగా పడేవి. పులి ఒంటి రంగు నల్లగానే, పొద నల్లగానే వస్తే పొదలో పులి ఎక్కడ? ఆరుబయట మంచి వెలుతురులో పడుకోబెడితేనే దాని చారలు తెలిసేవి.

3. దూరం. దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూపే లెన్సులు 1890లలో అప్పుడప్పుడే వస్తున్నాయి. వాటికి ఇంకా ఎక్కువ వెలుతురు కావాలి.

4. ఈ నాలుగోది మిషను సంగతి కాదు. దర్బారుకి బతికున్న పులి బొమ్మ అక్కర్లేదు. చంపినవాడి గొప్ప కనబడే బొమ్మ కావాలి. అడిగినవాళ్ళకి కావలసింది అదే అయినప్పుడు కెమెరా ఎంత మంచిదైనా అదే తీస్తుంది.

మొదటి మూడు కష్టాల కంటే ఈ నాలుగోదే పెద్దదని నాకు అనిపిస్తుంది. ఎందుకంటే మొదటి మూడింటికీ మనుషులు తర్వాత ఉపాయాలు కనిపెట్టారు. ముందు బతికున్న జంతువుని చూపించాలి అనే కోరిక పుట్టింది, దాని వెనక ఉపాయం వచ్చింది.

ఫోటో అంచున ఉన్నవాళ్ళు

వేట ఫోటోల్లో ఇంకో సంగతి. పులి తనంతట తాను వచ్చి తుపాకీ ముందు నిలబడదు. అది ఏ వాగులో నీళ్ళు తాగుతుంది, ఏ దారిన పోతుంది, పొద్దున వేసిన అడుగా రాత్రి వేసిన అడుగా, ఇవన్నీ చెప్పేది అడవి దగ్గరి ఊళ్ళవాళ్ళు. మంచె కట్టేది వాళ్ళు. డప్పులు కొట్టి, కేకలు పెట్టి పులిని మంచె వైపు తోలేది వాళ్ళు. పులి తిరగబడితే ముందు దొరికేది కూడా మంచె మీది దొర కాదు, నేల మీద ఉన్న వాళ్ళే. ఫోటో కింద మాత్రం తుపాకీ పట్టుకున్న వాళ్ళ పేర్లే రాసి ఉంటాయి.

దీన్ దయాళ్ గారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన ఆ కాలం మనిషి, దర్బారు జీతం తిన్నవారు. కానీ ఫోటో అంటే ఎవరిని మధ్యలో పెట్టాలి, ఎవరిని అంచున పెట్టాలి, ఎవరిని బయట వదిలెయ్యాలి అని తేల్చడమే. దాన్ని మందు నీళ్ళు తేల్చవు, లెన్సు తేల్చదు. మనిషి తేలుస్తాడు. ఆయన ఫోటోలు ఎంత నిదానంగా చూస్తే ఈ సంగతి అంత బాగా అర్థమవుతుంది.

చివరి రోజులు

దీన్ దయాళ్ గారి ఇద్దరు కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ కూడా ఈ పనిలోనే ఉన్నారు. 1904లో ధరమ్‌చంద్ చనిపోయాడు. ఆ తర్వాతి సంవత్సరం 1905 జూలై 5న దీన్ దయాళ్ గారు కన్నుమూశారు. జ్ఞాన్‌చంద్ స్టూడియో నడిపించాడు. మిగిలిన గాజు పలకల్లో 2,857 పలకల్ని 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం తీసుకుని భద్రం చేసింది. గాజు కదా, చెయ్యి జారితే పోతుంది. వందేళ్ళు కాపాడడం గొప్పే. 2006లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ఆయన తర్వాత ఏమైంది

ఆయన చనిపోయిన మరుసటి ఏడాదే, 1906లో, అమెరికాలో జార్జ్ షైరాస్ అనే ఆయన రాత్రిపూట మెరుపు పొడి వెలిగించి తీసిన అడవి జంతువుల ఫోటోలు నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వచ్చాయి. మన దేశంలో ఫ్రెడరిక్ చాంపియన్ అనే అటవీ అధికారి పులి నడిచే దారికి అడ్డంగా తీగ కట్టి, దానికి కెమెరా తగిలించాడు. పులి కాలు తీగకి తగలగానే వెలుగు, ఫోటో! ఆయన పుస్తకం 1927లో వచ్చింది. ఆ తీగ ఎక్కడ కట్టాలి? పులి అడుగులు చదవడం వచ్చినవాడికే తెలుస్తుంది. కాబట్టి అక్కడ కూడా మిషను సగమే, అడవి తెలియడం మిగతా సగం.

1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. మన కృష్ణా నది పైభాగాన నల్లమలలో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది. అక్కడ చెట్లకి కెమెరాలు కడతారు. దారికి అటొకటి, ఇటొకటి పెడతారు. ఎందుకంటే పులి కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు ఒకలాగా ఉండవు, ఏ రెండు పులుల చారలూ కలవవు. మన వేలిముద్రల లాంటివన్నమాట. రెండు పక్కలా ఫోటో ఉంటేనే ఇది ఫలానా పులి అని లెక్క తేలుతుంది. ఆ అడవిలో పులి జాడలు చూసి చెప్పే పని చెంచులు చేస్తున్నారు. వందేళ్ళ కిందట పులిని తుపాకీ వైపు తోలిన తెలివి ఎట్లాంటిదో, ఇప్పుడు పులిని కాపాడే కెమెరాకి చోటు చూపించే తెలివీ అట్లాంటిదే. తెలివి మారలేదు, దాన్ని వాడే పని మారింది.

మనం చేసి చూడవలసినది

మన దగ్గర కెమెరా లేదు కదా అనుకోవద్దు. పాత నోటుబుక్కు అట్టలో అగ్గిపెట్టెంత చతురం కత్తిరించండి. ఒక కన్ను మూసి దాంట్లోంచి చూడండి. గ్రౌండులో మేత మేసే గేదె, దాని వీపు మీద కొంగ దొరుకుతాయి. అట్ట కంటికి దగ్గర పెడితే ఊరంతా పడుతుంది, దూరం పెడితే కొంగ ఒక్కటే మిగులుతుంది. గేదెని వదిలేసి కొంగని ఉంచితే ఒక కథ, ఇద్దరినీ ఉంచితే ఇంకో కథ. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి, నీడ ఎటు పడిందో రాసుకోండి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులకి ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు వచ్చి గూళ్ళు పెడతాయి. వార్డెన్ మేడం గారు ఎప్పుడైనా అటు తీసుకెళ్తే ఈ అట్టలు మర్చిపోకుండా పట్టుకెళ్దాం.

దీన్ దయాళ్ గారి నుంచి నేను నేర్చుకున్నది ఇది. ముప్పై ఏళ్ళ వయసులో కొత్త విద్య మొదలుపెట్టి గట్టిగా నేర్చుకోవచ్చు. చేతికి పని పూర్తిగా వస్తేనే మనసులో అనుకున్నది బయటకు వస్తుంది. పని ఎంత వచ్చినా, దేన్ని చూపించాలో తేల్చుకోకపోతే వేరేవాళ్ళు తేల్చిందే చూపిస్తాం. రేపు మనలో ఎవరైనా కెమెరా పట్టుకుని అడవికి పోతే, పులి బతికి ఉండాలి, దాని జాడ చూపించిన వాళ్ళ పేరు ఫోటో కింద ఉండాలి.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని